ఇమేజింగ్ సర్వర్ నిధి: జమా ఖర్చుల వివరణ

చందా ఇచ్చిన సభ్యులందరికీ నమస్కారం.

ల్యాబ్‌లో ఉన్న 36 కంప్యూటర్లలో ఏది పాడైనా పెన్‌డ్రైవ్ పట్టుకుని దాని ముందు కూర్చోవాల్సి రావడం మీరంతా చూసిందే. బాగున్న ఒక కంప్యూటర్ డిస్కును ఇమేజ్‌గా (అంటే మొత్తం డిస్కుకు నకలు ఫైలుగా) తీసి, లైనక్స్ సర్వర్‌లో దాచి, నెట్‌వర్క్ మీదుగా మిగతావాటికి దింపుకుందామని ఈ నిధి మొదలుపెట్టాం. పని పూర్తయింది, లెక్క చెబుతున్నాం. అసలు అంకెలు వోచర్లలో ఉన్నాయి. దేనికి ఎంత పోయిందో సులువుగా తెలియడానికి వచ్చిన మొత్తాన్ని ఇక్కడ 100 వంతులుగా చూపిస్తున్నాం.

జమ: సభ్యుల చందా 62, పూర్వ విద్యార్థుల విరాళాలు 30, పాత మానిటర్లు అమ్మగా వచ్చింది 8.

ఖర్చు: గిగాబిట్ స్విచ్ (కంప్యూటర్లన్నిటినీ నెట్‌వర్క్‌లో కలిపే పెట్టె) 34, సర్వర్‌గా పెట్టిన సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ 22, రెండు ఎస్ఎస్‌డీలు (వేగంగా పనిచేసే డిస్కులు) 19, కేబుళ్ళు 9, బ్యాకప్ కోసం బయటి హార్డ్ డిస్కు 7, యూపీఎస్ బ్యాటరీ 4. మొత్తం 95. నిల్వ 5.

సర్వర్ కంటే స్విచ్‌కే ఎక్కువ ఎందుకు పెట్టారని, సెకండ్ హ్యాండ్ ఎందుకు కొన్నారని చాలామంది అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. ఇమేజ్ తీసి పంపడానికి మేం ఎంచుకున్న ఫాగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇమేజ్‌ను కుదించడం, విప్పడం సర్వర్ చేయదు, ఎదుటి కంప్యూటరే చేసుకుంటుంది. సర్వర్‌కు మిగిలేది ఫైలు చదివి పంపడమే. అందుకని ఖరీదైన ప్రాసెసర్ మీద పెట్టే డబ్బు దండగ. వేగం తేల్చేవి డిస్కు, నెట్‌వర్క్. పాత స్విచ్ 100 మెగాబిట్‌ది, అంటే సెకనుకు 12.5 మెగాబైట్లు దాటదు. 20 జీబీ ఇమేజ్ ఒక్క కంప్యూటర్‌కు వెళ్ళడానికే దాదాపు 27 నిమిషాలు. దానికి పదింతల వేగం ఉన్న గిగాబిట్‌లో అదే ఇమేజ్‌కు లెక్క ప్రకారం 3 నిమిషాలు కూడా పట్టదు. 36 కంప్యూటర్లకు విడివిడిగా పంపితే మళ్ళీ గంటన్నర దాటుతుంది కాబట్టి, ఒకే ప్రసారాన్ని అందరూ అందుకునే మల్టీకాస్ట్ వాడుతున్నాం.

అక్కడే మా పొరపాటు బయటపడింది. ముందుగా కొన్న కేబుళ్ళలో కొన్నింటికి లోపల నాలుగే తీగలు. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. మల్టీకాస్ట్‌లో అన్నిటికంటే నెమ్మదిగా ఉన్న కంప్యూటర్ ఎంత వేగంతో పోతే మిగతావీ అంతే పోతాయి. ఒక్క చెడ్డ కేబుల్ ల్యాబ్ మొత్తాన్ని పాత వేగానికి లాగేసింది. కారణం దొరికేసరికి రెండు రోజుల టెన్షన్. కేబుళ్ళకు చూపిన 9 వంతుల్లో 2 ఇలా పోయినవే. కొనేముందు పరీక్షించకపోవడం కమిటీ తప్పు, క్షమించాలి.

సాఫ్ట్‌వేర్ పద్దు సున్నా. ఫాగ్, దాని కింద వేసిన డెబియన్ 12 అనే లైనక్స్ రెండూ ఉచితం. డెబియన్‌నే ఎందుకంటే, 2029 వరకు ఉంటుందనుకున్న సెంటోస్ 8 అనే మరో లైనక్స్ మద్దతు (అప్‌డేట్లు) 2021 చివరికే ఆగిపోయింది. చందా డబ్బుతో పెట్టిన సర్వర్‌ను రెండేళ్ళకోసారి తిరగేయలేం. డెబియన్ 12కు దీర్ఘకాల మద్దతు 2028 వరకు ఉంది. విండోస్ లైసెన్సులు మాత్రం ఇమేజ్‌తో పాటు రావు. ఏ కంప్యూటర్‌కు ముందే ఉన్నది దానికే వాడుతున్నాం.

రెండు ఎస్ఎస్‌డీలూ ఒకదానికొకటి నకలు. ఒకటి పోయినా రెండోది నడుస్తుంది. కానీ పొరపాటున ఇమేజ్ చెరిపేస్తే రెండింట్లోనూ పోతుంది, బయటి హార్డ్ డిస్కు అందుకే.

డబ్బు ఖర్చు కాకపోయినా ఒక సంగతి చెప్పాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఫాగ్ సర్వర్‌లో డీహెచ్‌సీపీని (కంప్యూటర్లకు నెట్‌వర్క్ అడ్రసులు ఇచ్చే సేవ) కూడా ఆన్ చేశాం. రౌటర్ అప్పటికే అడ్రసులు ఇస్తోంది. సర్వర్, రౌటర్ రెండూ అడ్రసులు పంచడం మొదలెట్టేసరికి ఆ మధ్యాహ్నం సగం ల్యాబ్‌కు ఇంటర్నెట్ పోయింది. కంప్యూటర్ నెట్‌వర్క్ నుంచి మొదలవ్వడానికి కావలసిన బూట్ ఫైలు ఎక్కడుందో చెప్పే 66, 67 ఆప్షన్లు మన రౌటర్‌లో పెట్టే వీలు లేదు. చివరికి డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను ప్రాక్సీగా (రౌటర్‌కు తోడుగా) పెట్టాం. అడ్రసు రౌటరే ఇస్తుంది, బూట్ ఫైలు ఎక్కడుందో మాత్రం డీఎన్ఎస్‌మాస్క్ చెబుతుంది. కంప్యూటర్‌ను మొదలుపెట్టే లోపలి ప్రోగ్రామ్ పాత బయోస్ రకంగా ఉన్నవి 9, కొత్త యూఈఎఫ్ఐ రకంవి 27. రెండు రకాలకూ బూట్ ఫైళ్ళు వేరు. యూఈఎఫ్ఐ వాటిలో సెక్యూర్ బూట్ (సంతకం లేని బూట్ ఫైళ్ళను అడ్డుకునే రక్షణ) ఆపాల్సి వచ్చింది. ఇన్‌స్టాల్‌తో వచ్చే పాస్‌వర్డ్ మొదటి రోజే మార్చాం. సర్వర్‌కు బయటి ఇంటర్నెట్ నుంచి దారి లేదు.

మంచి కేబుళ్ళు వేశాక 12 కంప్యూటర్లకు ఒకేసారి ఇమేజ్ దింపితే 11 నిమిషాలు పట్టింది.

మిగిలిన 5 వంతులు ఎస్ఎస్‌డీ పాడైతే మార్చడానికి ఉంచాలని కమిటీ అనుకుంటోంది. వేరే ఆలోచన ఉన్నవారు వచ్చే సమావేశంలో చెప్పండి. చిట్టా, వోచర్లు ల్యాబ్ బీరువాలో ఉన్నాయి, ఎవరైనా అడిగి చూసుకోవచ్చు.

ఇట్లు,
కోశాధికారి, కమిటీ తరఫున