డిక్కీ మ్యాట్ గురించి మాత్రమే

అమ్మలూ,

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. ఈ ఉత్తరం ముఖ్యంగా నీ బండి గురించి. నిన్న చిన్నత్త ఫోన్లో మాటల మధ్య అంది, ఆదివారం నువ్వు ఆ ఎస్‌యూవీలో రెండు ట్రిప్పులు సామాను వేసుకుని వెళ్ళావట. పుస్తకాల అర, టేబులు, ఇంకా ఏవేవో. ఎక్కడికని నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

సరే, బండి సంగతి. వెనక సీట్లు మడిచే ముందు హెడ్‌రెస్టులు తీశావా? తీయకపోతే కొన్ని బళ్ళలో సీటు పూర్తిగా పడుకోదు. మడిచిన సీటు మీద సామాను నేరుగా పెట్టకు. దుప్పటి పరిచి, పైన ప్లైవుడ్ ముక్క వేస్తే బరువంతా ఒక్కచోటే పడదు. డిక్కీలో అంచులు పైకి లేచిన రబ్బరు మ్యాట్ ఉండాలి. అడుగున స్టెప్నీ గుంటలోకి నీళ్ళు దిగితే పైకి కనబడవు, వాసన కొట్టాకే తెలుస్తుంది. అప్పుడప్పుడు మ్యాట్ ఎత్తి కింద ఇసుక దులుపు, అది గరుకు కాగితంలా గీరేస్తుంది.

టేబులు కాళ్ళకు పాత సాక్సులు తొడిగావా? వెనక అద్దానికి లోపలివైపు సన్నటి గీతలుంటాయి చూడు, ఆవిరి పట్టినప్పుడు వేడి చేసేవి. కాలు తగిలి ఒకటి తెగితే ఆ గీత ఇక పనిచెయ్యదు. అయినా ఆ టేబులు మీరిద్దరూ కలిసి కొన్నది కదమ్మా?

నీకు గుర్తుండదు, నీకప్పుడు నాలుగేళ్ళు. పాత జీపులో ఇల్లు మారుతున్నాం. అమ్మ కుట్టుమిషను చివర్లో ఎక్కించాం. అమ్మ తాడు పట్టుకుని నించుంది. అంత బరువు ఎక్కడికి కదులుతుంది, కట్టక్కర్లేదు అన్నాను. ఆవిడ రెండుసార్లు చెప్పింది, నేను వినలేదు. అప్పుడు నా పద్ధతే అంత. కాస్త దూరం వెళ్ళామో లేదో కుక్క అడ్డం వచ్చింది, బ్రేకు తొక్కాను. జీపు ఆగింది గానీ మిషను ఆగలేదు. జారుకుంటూ వచ్చి నువ్వు నిద్రపోతున్న సీటు వీపును చీల్చింది. స్పాంజి బయటికొచ్చింది. ఇనప కాలు నీకు జానెడు దూరంలో ఆగింది. నువ్వు కనీసం కదల్లేదు. పైగా మిషను నూనె సీసా ఒలికింది. కంగారులో తడిగుడ్డతో రుద్దాను, అరచేయంత మరక పళ్ళెమంత అయింది. నూనె మరకని రుద్దకూడదు, పొడి గుడ్డతో అద్ది పీల్చాలి, తర్వాతే కాస్త సబ్బునీళ్ళు. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు సీటు కవరు ఊడదీసి ఆ మిషను మీదే కుట్టింది. జీపు అమ్మేదాకా ఆ కుట్టు అలాగే ఉంది.

అందుకే చెబుతున్నాను, డిక్కీ నేలలో కొక్కేలుంటాయి, పట్టీలు వేసి బిగించు. బరువైనవి కింద, సీటు వీపుకు ఆనించి పెట్టు. వేగం రెట్టింపైతే విసురు నాలుగింతలు. సామాను పట్టలేదని వెనక తలుపు తెరిచి నడపకు, పొగ లోపలికి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన కూడా ఉండదు. తలుపు మూసేముందు ఏదీ పొడుచుకురావట్లేదు కదా అని చూసుకో. నిండు బరువుకి టైర్లలో గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉంటుంది. క్లాసు పీకొద్దని అమ్మ ముందే హెచ్చరించింది. అయినా పీకేశాను.

ఇంతకీ అవన్నీ ఒక్కదానివే ఎత్తావా? నడుం జాగ్రత్త. పుస్తకాలు చిన్న పెట్టెల్లో సర్దుకో, పెద్దవి నింపితే ఎత్తలేవు. మొన్న అల్లుడుగారికి ఫోన్ చేశాను. ఎప్పుడూ రెండో రింగుకే ఎత్తుతాడు, ఈసారి మోగి మోగి ఆగిపోయింది. పనిలో ఉన్నాడేమోలే.

అటక మీది పాత దుప్పట్లు మూడు అమ్మ ఎండలో వేసింది, నీ డిక్కీకి పనికొస్తాయని. నీ గది కూడా దులిపింది. ఎందుకంటే ఊరికే అంది. ఇంటి ముందు నా స్కూటరు పక్కకి జరిపాను. నీ బండి పట్టాక వెనక తలుపు పైకి లేవడానికి చోటుంటుందో లేదో టేపు పెట్టి కొలిచాను. సరిపోతుంది.

నాన్న