ఒకే ఇంట్లో నాలుగు నెట్టులు

పర్లాకిమిడి

చి॥ సౌ॥ బుజ్జికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మీ నాన్నగారి మోకాలు నొప్పి అలాగే ఉంది, సాయంత్రం నడక మాత్రం మానడం లేదు.

నువ్వు పంపిన నెట్టు బిల్లు ఫొటో చూశాను. ఫోన్లో చెబితే "సరేలే అమ్మా" అనేసి పెట్టేస్తావు, అందుకే కాగితం మీద రాస్తున్నాను. ప్లాను 1,499 అన్నావు, బిల్లేమో 1,768 రూపాయల 82 పైసలు. అందులో మోసం ఏమీ లేదు. ఇంటి నెట్టుకి రేటు చెప్పేటప్పుడు పన్ను కలపరు, 18 శాతం జీఎస్టీ బిల్లులో పడుతుంది. ఫోను రీచార్జికి అలా కాదు, చెప్పిన రేటులోనే పన్ను ఉంటుంది. రెండూ పోల్చేటప్పుడు ఇది చూసుకో.

నా బాధ పన్ను గురించి కాదు. మీ ఇంట్లో మూడు ఫోన్లు: నీది, అల్లుడుగారిది, మీ అత్తగారు, అదే మా వదినగారిది. మూడింటికీ రోజుకి 2 జీబీ వచ్చే రీచార్జులే వేయిస్తున్నారు. ఇంట్లో ఉన్నంతసేపూ ముగ్గురూ వైఫై మీదే ఉంటారు కదా, ఆ 2 జీబీ అర్ధరాత్రికి మురిగిపోతుంది, మర్నాటికి రాదు. పైన గోడకున్న నెట్టు ఒకటి. ఒకే ఇంట్లో నెట్టు కోసం నాలుగు చోట్ల డబ్బు కడుతున్నారన్నమాట. దీన్ని రెండున్నరకి దించినా చాలు.

ముందు వదినగారి ఫోను సంగతి. ఆవిడ గుమ్మం దాటేది గుడికీ, కూరలకీ. 2024 డిసెంబరులో ట్రాయ్ వాళ్లు, అంటే ఫోను కంపెనీలకి నిబంధనలు పెట్టే ప్రభుత్వ సంస్థ, ఒక నిబంధన పెట్టారు. నెట్టు అక్కర్లేని వాళ్ల కోసం మాటలకీ, ఎస్సెమ్మెస్సులకీ మాత్రమే సరిపడే రీచార్జి ప్రతి కంపెనీ ఉంచాలని, దాని గడువు 365 రోజుల దాకా ఇవ్వొచ్చని. మరుసటి నెలలోనే కంపెనీలు తెచ్చాయి. కాకపోతే రీచార్జి దుకాణంలో మనం అడిగితే తప్ప వాళ్లంతట వాళ్లు చెప్పరు. మీ నాన్నగారికి నేను అదే వేయిస్తున్నాను. వాట్సాపు, ప్రవచనాలు అన్నీ ఇంటి వైఫై మీద వస్తాయి. బ్యాంకు ఓటీపీ ఎస్సెమ్మెస్సులోనే వస్తుంది కనక దానికీ ఢోకా లేదు. చిక్కల్లా బజారులోనే, కూరలమ్మి దగ్గర స్కాన్ చేద్దామంటే నెట్టుండదు. వదినగారు ఎలాగూ కొంగున డబ్బు ముడేసుకునే మనిషే గదా! అయినా ఈ మాట నువ్వు చెప్పకు, అల్లుడుగారి చేత చెప్పించు. కోడలు తన ఫోనుకి ఖర్చు తగ్గించిందని అనిపించకూడదు.

మీ ఇద్దరికీ అది పనికిరాదు, ఆఫీసు దారిలో నెట్టు కావాలి. కానీ రోజుకి 2 జీబీ కావాలా? ఫోను సెట్టింగుల్లో నెలకి మొబైలు డేటా ఎంత వాడారో చూపిస్తుంది, వైఫైది వేరేగా ఉంటుంది. అది చూసి, అంతకి తగ్గది వేయించు. ఇంకోటి, 28 రోజుల రీచార్జిని నెల రీచార్జి అనుకోకు. ఏడాదికి 12 కాదు, 13 సార్లు వేయించాలి. నెలనెలా ఒకే తేదీకి వచ్చేదీ, 30 రోజులదీ కనీసం ఒక్కొక్కటైనా ఉంచాలని 2022 జనవరిలోనే ట్రాయ్ చెప్పింది. ఏది వేయించినా మొత్తాన్ని రోజులతో భాగించు, రోజుకి ఎంత పడిందో అదే అసలు రేటు.

ఇప్పుడు మీ ఇంటి నెట్టు ప్లాను వేగం, ఆ 300 ఎంబీపీఎస్ సంగతి. అంత దేనికమ్మా? పూర్తి హెచ్‌డీలో సినిమా చూడ్డానికి 5 ఎంబీపీఎస్ చాలని, 4కే అయితే 15 కావాలని నెట్‌ఫ్లిక్సు వాళ్లే చెబుతున్నారు. మీ టీవీ 4కే కాదు. అల్లుడుగారి ఆఫీసు వీడియో కాలూ, నీ సీరియలూ, వదినగారి ఫోనూ ఒకేసారి నడిచినా 40, 50 ఎంబీపీఎస్‌లో ఇంకా చోటు మిగులుతుంది. నెలకి 3,300 జీబీ ఇస్తామని గొప్పగా రాస్తారు చూడు, హెచ్‌డీ సినిమాకి గంటకి 3 జీబీ చొప్పున వేసుకున్నా అది 1,100 గంటలు. నెలలో ఉన్న గంటలే 720! నిద్రాహారాలు మానినా అవదు.

"పడగ్గదిలో స్లో అమ్మా, అందుకే పెద్ద ప్లాను తీసుకున్నాం" అన్నావు. అది ప్లాను తప్పు కాదు, పెట్టె పెట్టిన చోటు తప్పు. వైఫై పెట్టె హాల్లో ఇనప బీరువా వెనకాల నేల మీద ఉంది, గృహప్రవేశానికి వచ్చినప్పుడే చూశాను. దాన్ని బయటికి తీసి, ఇంటి మధ్యన, మనిషి ఎత్తులో పెట్టించు. వైఫై పేర్లు రెండు కనిపిస్తాయి కదా, 5 గిగాహెర్ట్జ్‌ది దగ్గరికే వేగం, గోడలు దాటితే తగ్గిపోతుంది. పడగ్గదిలో 2.4ది పెట్టుకో. ఆ తరవాత కూడా స్లోగా ఉంటే అప్పుడు ప్లాను గురించి ఆలోచించు.

ఓటీటీలన్నీ కలిపి ఇస్తున్నారని ఆ ప్లాను వదలనంటున్నావు. అందులో మీరు చూసేవి ఎన్ని? అల్లుడుగారి క్రికెట్టు ఒక్కటే నాకు తెలిసింది. ఆ ఒక్కటీ విడిగా కొనుక్కుంటే ఎంతవుతుందో చూసి, చిన్న ప్లానుకి కలిపి చూడు.

ఏడాది డబ్బు ఒకేసారి కడితే నెల కలిసొస్తుందని ఏజెంటు చెప్పే ఉంటాడు. మీ అద్దె కాగితం 11 నెలలకి కదా? ఇల్లు మారితే కొత్త వీధిలో వాళ్ల లైను ఉందో లేదో, మార్చడానికి ఎంత తీసుకుంటారో ముందే అడుగు. ఆరు నెలలది మంచిదని నా ఉద్దేశం. పెట్టెకి డిపాజిట్టు కట్టి ఉంటే ఆ రసీదు పారేయకు. మానేసిన రోజు పెట్టె అప్పజెప్పి, ముట్టినట్టు రాయించుకో.

పొదుపని అన్నీ తీసేయమనడం లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మన జిల్లా ఏమైందో నీకు తెలుసు. ఈ నెట్టు తీగలు కరెంటు స్తంభాల మీదే వేలాడతాయి, స్తంభం పడితే అవీ పోతాయి. అందుకని నీ ఫోనూ అల్లుడుగారి ఫోనూ వేరువేరు కంపెనీలవి ఉండనీ, ఇంటి నెట్టు పోయినా ఒకటైనా పనిచేస్తుంది.

అమ్మకి ఈ లెక్కల పిచ్చేమిటని నవ్వుకుంటావేమో. రాష్ట్రం దాటితే రోమింగు ఛార్జీ పడే రోజుల్లో ఇక్కడి వంతెన దాటి ఆంధ్రాలోని పాతపట్నం వెళ్తే చాలు, వచ్చిన ఫోను ఎత్తినా డబ్బు కోసేవారు. ఒడిశా సిమ్ము ఆంధ్రా టవరు పట్టుకునేది మరి. సంతకెళ్లినవాళ్లు ఫోను కట్టేసి జేబులో పెట్టుకునేవారు. ఇలాంటి సరిహద్దు ఊళ్లో కాపరం చేసినదాన్ని.

బిల్లు తేదీకి ముందే ప్లాను మార్చమని చెప్పు, అలా అడిగినందుకు వాళ్లిచ్చే నంబరు కూడా ఫిర్యాదు నంబరులాగే రాసుకో. ఇంకో మాట. మీ పాత ఇంట్లో మీరు సొంతంగా కొన్న వైఫై పెట్టె అటకమీద పడుందన్నావు కదా, దసరాకి వచ్చేటప్పుడు పట్టుకురా. మేడ మీద గదిలో మీ నాన్నగారికి సిగ్నలు అందడం లేదు, తీగ లాగి అక్కడ పెట్టిస్తాను. వదినగారికి నమస్కారాలు చెప్పు. చింతకాయ పచ్చడి సీసా కట్టి ఉంచాను.

మీ అమ్మ