వేదిక మీది సైనికుడికి మాటలు తగ్గించండి

సంపాదకులకు,

ఇటీవల మా ఊళ్లో జరిగిన పరిషత్తు పోటీల్లో మూడు నాటికలు సైనికుల మీదే. మూడింటిలోనూ గుండు తగిలిన వీరుడు అయిదేసి నిమిషాలు ప్రసంగించాకే కన్నుమూశాడు. చప్పట్లకు కొదవ లేదు. నేను మాత్రం ఇంటికొచ్చి ఇంగ్లీషు రచయిత ఆర్.సి. షెరిఫ్ నాటకం ‘జర్నీస్ ఎండ్’ మళ్లీ చదవడానికి తీశాను.

షెరిఫ్ బీమా కంపెనీ గుమాస్తా. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లి 1917లో బెల్జియంలోని పాషన్‌డేల్ దగ్గర గాయపడ్డాడు. తిరిగొచ్చి ఆ ఉద్యోగమే చేస్తూ, తమ పడవల క్లబ్బుకు డబ్బు కూడబెట్టడానికి నాటకాలు రాయడం మొదలుపెట్టాడు. బడికి గది కట్టాలంటే మన ఊళ్లలో నాటకం ఆడినట్టే. 1928 డిసెంబరులో లండన్‌లో ‘జర్నీస్ ఎండ్’ మొదటిసారి ఆడినప్పుడు ముఖ్యపాత్ర కెప్టెన్ స్టాన్‌హోప్ వేషం, తర్వాత మహానటుడిగా పేరొందిన లారెన్స్ ఒలివియర్‌ది; అప్పటికి అతనికి ఇరవై ఒక్క ఏళ్లు.

నాటకం జరిగేది 1918 మార్చిలో, ఫ్రాన్స్‌లోని ఒక యుద్ధ కందకంలో. జర్మన్ల దాడి రేపో మాపో. అక్కడ అధికారులు మాట్లాడుకునేది దేశభక్తి గురించి కాదు, సూపులోకి మిరియాల పొడి లేదని. ట్రాటర్ అనే అతను కాగితం మీద 144 సున్నాలు గీసుకున్నాడు, ఆరు రోజుల గంటలు లెక్కపెట్టడానికి. పట్టపగలు శత్రువు కందకం మీద దాడికి పంపుతారు; చీకటి పడ్డాక వెళ్లవచ్చు కదా అంటే, పైవాళ్ల రాత్రి భోజనం ఆలస్యమవుతుందేమోనని స్టాన్‌హోప్ ఎత్తిపొడుస్తాడు. చివర్లో వెన్నెముక దెబ్బతిన్న కుర్రవాడు రాలీ అడిగేది కాస్త వెలుతురు. చీకటిగా, చలిగా ఉందంటాడు. కొవ్వొత్తి తెచ్చేసరికి అతను ఇక మాట్లాడడు.

నిజానికి మన పద్యనాటకమూ యుద్ధాన్ని తేలిగ్గా తీసుకోలేదు. ‘జెండాపై కపిరాజు’ రాయబారంలో చెప్పిన హెచ్చరిక. దానికి రణభేరి విన్నట్టు వన్స్‌మోర్ కొట్టింది మనమే.

పరిషత్తుల నిర్వాహకులకు ఒక మనవి. ఈ నాటకాన్ని తెలుగులోకి తెచ్చి ఆడించండి. మొదటి నుంచి చివరి దాకా ఒకే సెట్టు, ఆడపాత్రలు లేవు, కాబట్టి ఖర్చు తక్కువే. షెరిఫ్ 1975లో చనిపోయాడు. మన చట్టం ప్రకారం 2035 చివరి దాకా హక్కులు ఉంటాయి గనుక అనుమతి మాత్రం అడగాలి. అందాకా న్యాయనిర్ణేతలు చావు ప్రసంగాలకు మార్కులు వేయడమైనా మానుకోవాలి.

– ఒక నాటకాభిమాని, తెనాలి