ఆదివారం చెరువు కాలువ పని

అందరికీ నమస్తే! ఆదివారం పొద్దున 6 గంటలకు కట్టమైసమ్మ గుడి దగ్గర కలుద్దాం. వానలు పడేలోగా మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) కాలువలో తుమ్మకంప, ప్లాస్టిక్ తీసేయాలి.

మనవి కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లే కింది చెరువుకు. మధ్యలో కాలువ పూడితే కుండపోత వానకు నీళ్లు ఇళ్లల్లోకే! పోయినేడు మా ఇంట్లో బియ్యం బస్తా నానిపోయింది.

పార, గడ్డపార, గంప ఉన్నవాళ్లు తెండి. తాగే నీళ్లు ఎవరివి వాళ్లే.

చెరువు నీళ్లు వదిలే పని చూసే నీరటి తాత పాత తూము చూపిస్తానన్నాడు. వీడియో తీయడానికి ఒకరు కావాలి. టిఫిన్ ఉప్మానే, గొణగొద్దు.

శనివారం సాయంత్రంలోపు పేరు రాయండి. ఉట్టి బొటనవేలు గుర్తు పెడితే లెక్కలోకి రాదు!