వార్డును కనిపెట్టుకుని ఉండే డాక్టరు కావాలి

సంపాదకులకు,

వరంగల్ పాత సెంట్రల్ జైలు స్థలంలో కడుతున్న 24 అంతస్తుల ఆస్పత్రి గురించి పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. ఎన్ని పడకలు, ఏయే సూపర్ స్పెషాలిటీలు అని అందరూ అడుగుతున్నారు. బతుకంతా వార్డుల్లోనే గడిపిన నర్సుగా నేను అడిగేది వేరు. రాత్రి పదకొండు గంటలకు పేషెంటుకు ఆయాసం వస్తే సిస్టర్ ఎవరికి ఫోన్ చేయాలి?

రిటైరయ్యాక కొన్నాళ్లు ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేశాను. పరకాల వైపు నుంచి ఒక పెద్దాయన తుంటి ఎముక విరిగి చేరాడు. షుగరు, బీపీ ముందు నుంచే ఉన్నాయి. ఆర్థో సారు ఆపరేషన్ చక్కగా చేశారు, వంక పెట్టడానికి లేదు. మర్నాడు సాయంత్రం నుంచి యూరిన్ తగ్గింది. ఆర్థో సారుకు చెబితే ఫిజీషియన్‌ను అడగమన్నారు. ఆ ఫిజీషియన్ బయటి నుంచి వచ్చిపోయే ఆయన. క్లినిక్‌లో ఇంకా ఓపీ నడుస్తోంది, పొద్దున వచ్చి చూస్తానన్నారు. ఇక్కడ చార్టులో నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ రాసే ఉంది. కిడ్నీలు దెబ్బతినేటప్పుడు అది ఇవ్వకూడదని డ్యూటీ డాక్టరుకూ తెలుసు. పెద్దసారు రాసిన మందును కొట్టేసే ధైర్యం ఆ కుర్రాడికి ఎక్కడిది? తెల్లారేసరికి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగింది, చివరికి డయాలసిస్ దాకా పోయింది. ప్రాణమైతే దక్కింది. కేస్‌షీట్ నిండా డాక్టర్ల సంతకాలే. ఆయన కొడుకు మాత్రం డిశ్చార్జ్ అయ్యేదాకా మమ్మల్నే అడిగాడు: "సిస్టర్, మా బాపు సంగతి అసలు ఎవర్ని అడగాలె?"

అమెరికాలో ఇలా వార్డు పేషెంట్లను కనిపెట్టుకుని ఉండే పనికి ప్రత్యేకంగా డాక్టర్లున్నారు. వాళ్లను హాస్పిటలిస్టులంటారు. వాక్టర్, గోల్డ్‌మన్ అనే ఇద్దరు డాక్టర్లు 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాసిన వ్యాసంతో ఆ పేరు స్థిరపడింది. అంతకుముందు అక్కడ కూడా ఫ్యామిలీ డాక్టరే క్లినిక్ మధ్యలో తీరిక చేసుకుని వచ్చి పేషెంటును చూసిపోయేవాడు. హాస్పిటలిస్టుకు బయట క్లినిక్ ఉండదు. అడ్మిట్ అయినవాళ్లను చూడడమే అతని పని. స్పెషలిస్టులు తలా ఒక మాట రాస్తే వాటన్నిటినీ కలిపి చూసి ఏ మందు ఉండాలో, ఏది ఆపాలో తేల్చేది అతనే. దీనివల్ల ఆస్పత్రిలో ఉండే రోజులు తగ్గాయని చాలా అధ్యయనాలు చెప్పాయి. మరణాలు తగ్గాయా అన్న దగ్గర మాత్రం ఏకాభిప్రాయం లేదు, అదీ చెప్పాలి. మా అక్క కొడుకు అక్కడ చేసేది ఈ ఉద్యోగమే. ఏడు రోజులు డ్యూటీ, ఏడు రోజులు సెలవు. మన దగ్గర చదివిన పిల్లలు ఎంతోమంది అక్కడి వార్డులు చూస్తున్నారు, మన వార్డులకే మనిషి లేడు!

టీచింగ్ ఆస్పత్రుల్లో యూనిట్లు, పీజీలు, హౌస్‌సర్జన్లు ఉన్నారు కదా అంటారు. మెడిసిన్ వార్డు వరకు ఆ మాట కొంత నిజం. సర్జరీ, ఆర్థో వార్డుల్లో షుగరు అదుపు తప్పితే "ఫిజీషియన్ ఒపీనియన్" అని కాగితం రాస్తారు. ఆ కాగితం అటెండెంట్ చేతిలో బిల్డింగంతా తిరుగుతుంది. పీజీ నిద్ర లేకుండా డ్యూటీ చేస్తూనే థీసిస్ రాసుకోవాలి, పరీక్షలకు చదువుకోవాలి. వార్డు బరువంతా చదువుకునే పిల్లల మీద పెట్టడం న్యాయం కాదు.

కొత్త ఆస్పత్రికి పోస్టులు మంజూరు చేసేటప్పుడు స్పెషలిస్టులతో పాటు ఎండీ జనరల్ మెడిసిన్ చేసినవాళ్లను వార్డుల కోసమే, షిఫ్టుల ప్రకారం తీసుకోవాలి. ముందు ఆర్థో, సర్జరీ వార్డుల్లో పెట్టి చూడండి. షిఫ్టు మారేటప్పుడు మంచం దగ్గర నిలబడి కేసు అప్పగించాలి, మా నర్సులు చేసినట్టు. ఫోన్లో చెప్పేస్తే సగం విషయం దారిలోనే పోతుంది. స్పెషలిస్టు ఊళ్లో లేనప్పుడు మందు మార్చే అధికారం రాతపూర్వకంగా ఈ డాక్టరుకు ఉండాలి. అది లేకపోతే ఇంకో డ్యూటీ డాక్టరును పెట్టినట్టే అవుతుంది.

ఈ పద్ధతిలో ఒక లోటుంది. ఇంటికి పోయాక పేషెంటు మళ్లీ ఈ డాక్టరుకు కనబడడు. మహబూబాబాద్, ములుగు తండాలకు వెళ్లినవాళ్ల డిశ్చార్జ్ కాగితం చాలాసార్లు ఊళ్లో ఆర్ఎంపీ చేతికే చేరుతుంది. ఏ మందు ఎందుకు ఆపారో అందులో తెలుగులో రాసి, పీహెచ్‌సీ డాక్టరుకు కూడా ఒక ఫోన్ చేయాలి. ఆ ఫోన్ చేయడం కూడా ఈ డాక్టరు డ్యూటీలోనే చేర్చాలని కోరుతున్నాను.

— ఒక రిటైర్డ్ హెడ్ నర్సు, హనుమకొండ