జుట్టు సంగతి అమ్మకు

లీడ్స్, ఇంగ్లండ్

అమ్మకు నమస్కారాలు.

ఈ ఉత్తరాన్ని ఫొటో తీసి నాన్న ఫోనుకు పంపుతున్నాను. కళ్ళజోడు పెట్టుకుని నువ్వే చదువు, నాన్న చేత చదివించుకుంటే సగం మాటలు మింగేస్తారు. ఫోనులో నేను ముఖం చూపించకుండా మాట్లాడుతున్నది నెట్ బాగాలేక కాదు. నా జుట్టు రాలిపోయింది. కాన్సరుకు మొదటి కీమో మందు ఎక్కించిన తర్వాత రెండు మూడు వారాలకు మొదలవుతుందని నర్సు చెప్పినట్టే మొదలైంది. ముందు మాడంతా పుండులా సలిపింది, తర్వాత దువ్వెన పెడితే చాలు కుచ్చులుగా ఊడి వస్తుంటే చూడలేక, ఉన్నదంతా ఆయన చేత మెషీనుతో తీయించేసుకున్నాను. ఆయన కూడా గుండు చేయించుకుంటానన్నారు, ఇంటికి ఒక గుండు చాలని ఆపాను.

పిన్నికి కీమోలో జుట్టు రాలలేదు కదా, నీకు జబ్బు ముదిరిందా అని నువ్వు అడుగుతావని తెలుసు. పిన్నికి ఇచ్చిన మందు వేరు. నాకు ఎక్కిస్తున్న ఎపిరుబిసిన్ అనే ఎర్రటి మందు వేగంగా విభజన చెందే కణాలను పట్టుకుంటుంది. కాన్సరు కణాలూ అలాంటివే, వెంట్రుకల కుదుళ్ళలో ఉండేవీ అలాంటివే కనుక రెండింటికీ దెబ్బ తగులుతుంది. అంతే తప్ప జుట్టు రాలడానికీ జబ్బు ముదరడానికీ సంబంధం లేదు.

మందు ఎక్కేటప్పుడు తలకు చల్లటి టోపీ పెట్టి, రక్తనాళాలు ముడుచుకుని కుదుళ్ళకు మందు తక్కువగా చేరేలా చేసే పద్ధతి ఇక్కడ ఉంది. పక్క ఊరు హడ్డర్స్‌ఫీల్డ్‌లో, బీరు చల్లబరిచే యంత్రాలు తయారుచేసే ఒకాయన తన భార్యకు కీమోలో జుట్టు పోవడం చూసి అలాంటి యంత్రాన్ని చేశాడట. నేను మాత్రం వద్దన్నాను. అది అందరికీ పనిచేయదు, పైగా మందుకు ముందూ తర్వాతా కూడా గడ్డకట్టే చలిని తల మీద మోయాలి. నా పార్శ్వపు నొప్పి సంగతి నీకు తెలియనిది కాదు. కాబట్టి ఎందుకు పెట్టించుకోలేదని నన్ను తిట్టవద్దు.

ఆఫీసు వాళ్ళు సెలవు ఇచ్చారు, జీతం వస్తోంది, ఆ దిగులు లేదు.

విగ్గు తెచ్చుకున్నాను. బయటికి వెళ్ళేటప్పుడు బాగానే ఉంటుంది గాని, కృత్రిమ వెంట్రుకలు సెగకు ముడుచుకుపోతాయి కనుక పొయ్యి దగ్గర తీసి పక్కన పెట్టవలసిందే. నీ బీరువాలోని సవరం పంపుతానన్నావు, అది తగిలించడానికైనా నాలుగు వెంట్రుకలు ఉండాలి కదమ్మా! నిజం చెప్పాలంటే జడ పోయినందుకు ఏడవలేదు. ఇప్పుడు కనుబొమలు పలచబడుతున్నాయి, అదే కష్టంగా ఉంది. ఇన్నేళ్ళూ అద్దం చూడకుండా పెట్టుకున్న బొట్టు, కనుబొమల ఆనవాలు లేకపోయేసరికి చూస్తూ పెట్టుకున్నా ఒక పక్కకు పోతోంది. పెన్సిలుతో గీసుకోవడం నేర్చుకుంటున్నాను.

సుమంగళికి ఈ గుండేమిటని పెద్దమ్మ అన్నదట. తిరుమలలో తలనీలాలు ఇచ్చి వచ్చిన ముత్తయిదువలను ఆమె ఎప్పుడూ ఏమీ అనలేదు, నన్నెందుకు అంటుందో నాకు అర్థం కాలేదు. నువ్వు కూడా నా కోసం గుండు మొక్కుకున్నావని నాన్న చెప్పేశారు. మొక్కు మొక్కే, కాదనను, కానీ మూడు కత్తెరలు ఇచ్చి రా, స్వామి కాదనడు. మోకాళ్ళ నొప్పులతో నడిచి మాత్రం ఎక్కవద్దు.

గుంటగలగరాకు నూనె ఇప్పుడే కాచవద్దు, ఈ తలకు ఏది రాసినా మండుతోంది. మందులు పూర్తయిన కొన్ని నెలలకు జుట్టు మళ్ళీ వస్తుంది, అప్పుడు డాక్టరును అడిగి చెబుతాను. కొందరికి మొదట్లో ఉంగరాలు తిరిగి వస్తుందట. అలా వస్తే మేనత్త పోలిక అని నాన్న మురిసిపోతారు, నువ్వే ఓర్చుకోవాలి.

ఇక్కడ చలి మొదలైంది, ఉన్ని టోపీ గుచ్చుకుంటోంది. నీ పాత వెంకటగిరి చీరల్లో బాగా నలిగి మెత్తబడినదాన్ని తలకు చుట్టుకునేలా ముక్కలు చేసి, తమ్ముడి చేత పంపించు. జరీ అంచు మాత్రం కత్తిరించెయ్యి, గీసుకుంటుంది.

ఇట్లు
నీ పెద్ద కూతురు