అమ్మా, కవరు నువ్వే విప్పు

కువైట్,
2025 నవంబరు 21, శుక్రవారం

అమ్మకు నీ చిన్నోడు వందనాలు చెప్పి రాసేది. నేనిక్కడ క్షేమం. నువ్వు, అన్నయ్య, వదిన, పిల్లలు అందరూ క్షేమమని తలుస్తాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేంటని కంగారు పడకు. ఒంట్లో బాగుంది, పని పోలేదు, ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి, అదే అకామా, మొన్ననే రెన్యువల్ అయింది. ఫోన్లో అయితే నువ్వు స్పీకర్ పెడతావు, పక్కింటివాళ్ళు కూడా పలకరిస్తారు. నేను గొంతు సవరించుకునేలోపు "తిన్నావా" అంటావు. ఇక నా నోరు పెగలదు. సెలవురోజు నేను వెళ్ళే ఫర్వానియా రూములో తణుకు అబ్బాయి ఒకడున్నాడు, బుధవారం ఇంటికి వస్తున్నాడు. అతని చేతికి ఇస్తున్నాను. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు, కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదువు.

పని గురించి రాయడానికేం లేదు. పొద్దున్నే పిల్లల్ని బడిలో దింపడం, మేడంని బజారుకి తీసుకెళ్ళడం, బండి కడగడం. ఎండలు తగ్గాయి. రాత్రిళ్ళు దుప్పటి కావాల్సొస్తోంది. నువ్వు పంపిన కందిపొడి ఇంకా సగం ఉంది, ఆదా చేసుకుని తింటున్నాను.

అన్నయ్య అన్న మాట నాకు చేరింది. "అక్కడ మందు దొరకదు, అందుకే వాడికి భక్తి వచ్చింది" అన్నాడట. వాడి మీద నాకు కోపం లేదు. నన్ను కాలవ గట్టు మీంచి భుజాన వేసుకుని మోసుకొచ్చినవాడు అలా అనుకోక ఇంకేమనుకుంటాడు? కానీ ఇక్కడ దొరకదన్నది నిజం కాదమ్మా. చట్టం ఒప్పుకోదు గానీ, కావాలనుకున్నవాడికి దొంగచాటుగా కాచింది దొరుకుతుంది. మొన్న ఆగస్టులో అలాంటి కల్తీ సారా తాగి ఇక్కడ 23 మంది చనిపోయారు, కొందరికి చూపు పోయింది. నువ్వు హడలిపోతావని అప్పుడు చెప్పలేదు. వచ్చిన మొదట్లో నన్నూ పిలిచేవాళ్ళు, నేనూ వెళ్ళాను. ఏడాది దాటింది, మళ్ళీ వెళ్ళలేదు. తాగాలనిపించదని మాత్రం చెప్పను. అనిపించిన రాత్రి సంఘంలో పెద్దాయనకి ఫోన్ చేస్తాను. ఆయన నిద్రమత్తులోనే ప్రార్థన మొదలుపెడతాడు.

ఇంకోటి అడిగావు. లేదమ్మా, నేను మళ్ళీ బాప్తిస్మం తీసుకోలేదు. ఎవరో నీకు తప్పు చెప్పారు. నెలల పిల్లాడిగా నన్ను ఎత్తుకెళ్ళి అయ్యగారి చేత తలమీద నీళ్ళు పోయించిన రోజు గురించి ఎన్నిసార్లు చెప్పావో నేను మర్చిపోలేదు. మన లూథరన్ మిషనరీ హేయర్ దొరగారు 1842లో గుంటూరులో అడుగుపెట్టిన సంగతి నాన్న ఎంత గర్వంగా చెప్పేవాడో కూడా గుర్తుంది. ఇక్కడ కొందరు చిన్నప్పటిది లెక్కలోకి రాదు, నమ్మాక మునగాలి అంటారు. మనలాంటివాళ్ళూ ఉన్నారు. నేను ఎవరితోనూ వాదన పెట్టుకోను. కన్ఫర్మేషన్ క్లాసులో అయ్యగారు మాచేత వల్లె వేయించారు చూడు, మనలో ఉన్న పాత ఆదాము రోజూ పశ్చాత్తాపంతో మునిగి చావాలి, కొత్త మనిషి రోజూ లేవాలి, బాప్తిస్మపు నీళ్ళకి అర్థం అదేనని లూథరుగారు చెప్పిన మాట. అప్పుడు తప్పు లేకుండా అప్పజెప్పి స్టీలు గ్లాసు బహుమతి తెచ్చుకున్నాను. అందులో "రోజూ" అనే మాట ఉందని నాకు ఇక్కడికొచ్చాకే పట్టింది.

మీరంతా రక్షణ అంటే నేను తాగుడు మానడం అనుకుంటున్నారు. తాగని రోజుల్లో కూడా నేను అలాగే ఉండేవాణ్ణమ్మా. క్రిస్మస్‌కి తాటాకు పందిరి వేశాను, నక్షత్రం కట్టాను, ఇంటింటికీ పాటలకి వెళ్ళినప్పుడు డప్పు నేనే కొట్టాను. ఎవరైనా నన్ను క్రైస్తవుడివి కాదంటే కొట్టేవాణ్ణి. ఏ తప్పు చేసినా నా దగ్గర ఒక కారణం సిద్ధంగా ఉండేది. రాత్రంతా రొయ్యల లోడు తోలాను, అందుకే తాగాను. నాన్న ఎప్పుడూ అన్నయ్యనే మెచ్చుకుంటాడు, అందుకే ఇంటికి రాలేదు. అంతా ఈ అందుకేలతోనే గడిచింది. ఎఫెసీ పత్రికలో "మీ అపరాధములచేతను పాపములచేతను మీరు చచ్చినవారై యుండగా" అని ఉంటుంది. చిన్నప్పుడు అది హంతకుల గురించి అనుకునేవాణ్ణి. చచ్చినవాడికి నొప్పి తెలియదు గదమ్మా. నాకు తెలియలేదు.

పోయినేడు అక్టోబరులో ఈ ఇంట్లో మేడం ఉంగరం కనబడలేదు. వంటింట్లో పని చేసే ఆవిడ రాజంపేట వైపు మనిషి, నేను అక్కా అంటాను. ఆమె పెట్టె, పరుపు, తలదిండు అన్నీ హాల్లోకి తెప్పించి దులిపించారు. చీర మడతల్లోంచి పిల్లల ఫోటోలు కింద పడ్డాయి. ఆమె ఏడవలేదు, ఒట్టు పెట్టలేదు, గోడకి ఆనుకుని నేల వంక చూస్తూ నిలబడింది. రెండోరోజు ఉంగరం సోఫా సందులో దొరికింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆమె వెళ్ళి టీ పెట్టింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేల వంక అలా చూడటం నేను అంతకుముందే చూశాను. మన ఇంట్లో, నడవాలో. వదిన.

అమ్మా, నీ గాజులు తీసింది నేను.

2019 సంక్రాంతి. పెట్టెలో నీ పెళ్ళిచీర కింద ఉన్న నాలుగు కాసుల జత. భోగి పొద్దున తీశాను. భీమవరంలో కుదువ పెట్టాను. కనుమ సాయంత్రానికి రూపాయి మిగల్లేదు, అంతా పందేల బరి దగ్గరే పోయింది. విడిపించి తెచ్చి మళ్ళీ చీర కింద పెట్టేద్దాం, ఎవరికీ తెలియదు అనుకున్నాను. వడ్డీ కూడా కట్టలేకపోయాను, వాళ్ళు అమ్మేసుకున్నారు. నువ్వు పెట్టె తీసింది మార్చిలో, పెళ్ళికి వెళ్ళబోతూ. తాళం చెవి బియ్యం డబ్బాలో ఉంటుందని వదినకి తప్ప ఎవరికీ తెలియదనుకున్నావు. నాకూ తెలుసు. వదిన కాపురానికొచ్చి అప్పటికి రెండేళ్ళు కూడా కాలేదు. ఆ రోజు నువ్వన్న మాటలు ఒక్కోటి నాకు గుర్తున్నాయి, ఇక్కడ రాయను. నేను అక్కడే పీట మీద కూర్చుని అన్నం తింటున్నాను. రెండోసారి పులుసు కూడా వేయించుకున్నాను. వడ్డించింది వదినే.

నిన్ను నిందించడానికి రాయట్లేదమ్మా. ఆ మాటలు నీ నోట వచ్చినా నా మూలంగానే వచ్చాయి. అన్నయ్య వేరు పడటం కూడా నా మూలంగానే.

నాన్న ఒకసారి నన్ను అడిగాడు. గుడిగంట కొట్టి వస్తున్నాడు, నేను కాలవ దగ్గర వ్యాను కడుగుతున్నాను. ఆగి, "నీకేమైనా తెలుసురా?" అన్నాడు. తెలీదన్నాను. కాసేపు నీళ్ళ వంక చూసి, సరే అని నడిచి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఆయనకి తెలుసనే నాకనిపిస్తుంది. నాన్న చనిపోయిన ఏడాదే నేను విమానం ఎక్కాను. ఆయనకి చెప్పుకునే వీలు ఇక లేదు, ఇది మాత్రం ఎంత ప్రార్థన చేసినా తేలిక కావట్లేదు.

ఉంగరం దొరికిన వారం శుక్రవారం ఆరాధనకి వెళ్ళాను. నిజం చెప్పాలంటే అప్పటిదాకా నేను వెళ్ళింది నాలుగు తెలుగు మాటలు వినబడతాయని, అయ్యాక అన్నం, పప్పుచారు పెడతారని. కువైట్ సిటీలో సముద్రం దగ్గర, వందేళ్ళ కిందట అమెరికన్ మిషన్ డాక్టర్లు ఆసుపత్రి నడిపిన చోటికి దగ్గర్లోనే ఆ గుడి ఆవరణ. ఒక హాల్లో అరబ్బీ, ఒక హాల్లో మలయాళం, ఇంకో హాల్లో మనం. ఒకరి పాట గోడ దాటి ఇంకొకరికి వినబడుతూ ఉంటుంది. నువ్వు చూస్తే సంతోషిస్తావు.

ఆ రోజు వాక్యం ఫిలేమోను పత్రిక. ఒక్క అధ్యాయం, 25 వచనాలు. నువ్వు మళ్ళీ ఒకసారి చదువు. ఒనేసిము యజమాని ఇంటి నుంచి వచ్చేసిన దాసుడు. చెరసాలలో ఉన్న పౌలు దగ్గర అతను మారతాడు. మారావు కదా, పాత ఇల్లు మర్చిపో, నా దగ్గరే ఉండు అనలేదు పౌలు. ఉత్తరం రాసి ఆ ఇంటికే తిరిగి పంపాడు. అతను ఏదైనా నష్టం చేసి ఉంటే, బాకీ పడి ఉంటే "అది నా లెక్కలో చేర్చుము" అని రాశాడు. నేనూ ఒకరి ఇంట్లో పనివాణ్ణే గదా, ఆ దాసుడు ఆ ఉత్తరం పట్టుకుని గడప ముందు నిలబడినప్పుడు కాళ్ళు ఎలా వణికి ఉంటాయో నాకు కనబడింది.

అందరూ అన్నాలకి లేచారు. నేను లేవలేకపోయాను. పెద్దాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయన పాస్టరు కాదు, గ్యారేజీలో మెకానిక్కు. అన్నీ చెప్పాను, నీకిప్పుడు చెప్పినట్టే. ఇద్దరం మోకరించాం. ఏ వెలుగూ కనబడలేదమ్మా, ఏ స్వరమూ వినబడలేదు. ప్రభువా, నేను దొంగని, ఒక ఆడమనిషిని దొంగని చేసి ఊరుకున్నవాణ్ణి అన్నాను. ఆ మాట తర్వాత "అందుకే" అని నోట రాలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా దగ్గర కారణం లేదు. ఆయన నన్ను తోసెయ్యలేదని తెలిసింది. ఎలా తెలిసిందంటే చెప్పలేను. రూముకి వెళ్ళి పసిపిల్లాడిలా నిద్రపోయాను.

అయితే లేచి చెప్పులు వేసుకుంటుంటే పెద్దాయన అడిగాడు, "మీ వదినగారికి ఎప్పుడు చెబుతావు తమ్ముడూ?" అని. అప్పుడు నేను వాక్యాన్నే అడ్డం పెట్టుకున్నాను. "పాతవి గతించెను, ఇదిగో క్రొత్త వాయెను" అని ఉంది కదండీ అన్నాను. ఆయన నన్ను గద్దించలేదు. "ఆమెకి గతించలేదు కదా" అన్నాడు, అంతే.

ఏడాది పట్టింది నాకు. ఈ ఏడాదిలో సంఘం ముందు మూడుసార్లు సాక్ష్యం చెప్పాను. తాగుడు చెప్పాను, పేకాట చెప్పాను, అందరూ స్తోత్రం అన్నారు. గాజుల సంగతి చెప్పలేదు. తాగుడు చెబితే నాకు పోయేదేమీ లేదు. గాజులు చెబితే నువ్వు నాకు లేకుండా పోతావేమోనని భయం. "నేను చేయగోరు మేలు చేయక" అని పౌలు రాసింది నమ్మాక పడే తిప్పల గురించేనని నాకు అనిపిస్తుంది. మునుపు నాకు ఈ పోరాటమే లేదు, హాయిగా తిని పడుకునేవాణ్ణి.

ఇది రక్షణ కోసం కడుతున్న బాకీ అనుకోకు. కృపచేతనే రక్షింపబడ్డాం, అది దేవుని వరం, నువ్వే నేర్పావు. జక్కయ్యని చెట్టు దిగమని, నీ ఇంటికి వస్తానని ప్రభువు అన్నది ముందు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానని జక్కయ్య లేచింది తర్వాత. ఆయన మన ఇంటికి వచ్చాక ఆ పెట్టె ఖాళీగా ఉంచి ఎలా కూర్చోను?

లెక్క రాస్తున్నాను. నాలుగు కాసులంటే 32 గ్రాములు. అప్పుడు గ్రాము మూడు వేలు, ఇప్పుడు పదకొండు వేలు దాటింది. జక్కయ్య చెప్పిన నాలుగంతలకి బంగారమే దగ్గరకొచ్చింది. ఒక గాజు ఇక్కడి ముబారకియా బజారులో కొన్నాను, రెండు కాసులు, రసీదు దాచాను. రెండోదానికి సగం డబ్బు చేరింది. ఎవరి చేతా పంపను, వచ్చే ఏడు సెలవుకి నేనే తెస్తాను. ఓవర్‌టైం చేసి ఆరోగ్యం పాడుచేసుకుంటున్నానని నువ్వు దిగులు పడొద్దు. దశమభాగం తీసి, నీకు పంపి, మిగిలిందే దాస్తున్నాను.

నీ గాజులు నీవే. కానీ అవి తెచ్చినప్పుడు వదిన చేతికిచ్చి, వదిన చేత నీకు తొడిగించుకోవాలని నా ఆశ. నువ్వు కాదంటే సరే.

సంబంధం గురించి మాట్లాడటం కొన్నాళ్ళు ఆపు. ఆపలేకపోతే ఆ పిల్ల వాళ్ళకి కూడా ఇది చెప్పాకే మాట్లాడు.

ఈ ఉత్తరం చదివాక నువ్వు ఒక పూట ఏమీ తినవని తెలుసు. తినమ్మా. బీపీ మాత్ర మానకు. తర్వాత దీన్ని అన్నయ్యకి, వదినకి ఇవ్వు. నువ్వు సర్ది చెప్పొద్దు, "చిన్నోడు మారిపోయాడే" అని నా తరఫున మాట్లాడొద్దు. చించి పొయ్యిలో మాత్రం వేయకు. వదిన కోసం విడిగా ఒక కాగితం లోపల మడిచి పెట్టాను, అది నువ్వు చదవకు.

తణుకు అబ్బాయి గురువారం వస్తాడు. అతనికి భోజనం పెట్టు, చేపల పులుసంటే ఇష్టం. ఆ తర్వాతి శుక్రవారం ఇక్కడి రెండు గంటలకి ఫోన్ చేస్తాను, మీకు నాలుగున్నర. స్పీకర్ పెట్టొద్దు. వదిన ఎత్తితే ఎత్తమను. ఎత్తకపోతే మళ్ళీ శుక్రవారం చేస్తాను.

నీ చిన్నోడు